అంతస్తుకు అర్థం

తెలుగు భాషలో ‘అంతస్తు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఇంటిమీద ఇల్లుగా లేచిన కట్టడంలో ఒక్కొక్క వరుసను అంతస్తు అంటాం. సంఘంలో మనిషికి గల హోదాను కూడా అంతస్తనే అంటాం. ‘మూడంతస్తుల మేడ’ అన్నప్పుడు మొదటి అర్థం, ‘మా అంతస్తుకు తగిన సంబంధం’ అన్నప్పుడు రెండవ అర్థం స్ఫురిస్తాయి. 1965లో ‘అంతస్తులు’ అనే చలనచిత్రం వచ్చినప్పుడు అది గృహనిర్మాణానికి సంబంధించిన కథ అని ఎవరూ భ్రమపడలేదు. ఎత్తున ఉన్నవాడు గొప్పవాడనే భావన మన మనస్సులలో ఎంత లోతుగా నాటుకొని ఉన్నదో ఈ ఒక్క మాటే చెబుతుంది. పల్లెలలో సైతం మేడలు లేస్తున్న ఈ కాలంలో ఆ రెండర్థాలను విడదీసి చూడవలసిన అవసరం కలిగిందని నా అభిప్రాయం. అంతస్తును హోదాగా భావించినంత కాలం మనం మేడలు కట్టగలమే గాని వాటిలో క్షేమంగా బ్రతకలేము.

మేడ మనకు కొత్తది కాదు. సౌధం, హర్మ్యం, ప్రాసాదం, చంద్రశాల, ఉప్పరిగ అంటూ మన ప్రాచీనులు వాడిన పదాలే అందుకు సాక్ష్యం. వాల్మీకి సుందరకాండలో లంకను వర్ణిస్తూ ఏడేసి, ఎనిమిదేసి అంతస్తుల భవనాలను పేర్కొన్నాడు. కాళిదాసు మేఘసందేశంలోని అలకాపురి మేడలు మబ్బులను తాకుతాయి. మనుచరిత్ర ప్రారంభంలో అల్లసాని పెద్దన అరుణాస్పదపురాన్ని వర్ణిస్తూ, అక్కడి సౌధాల సున్నపు తెలుపు సోకి చంద్రునిలోని లేడి కూడా తెల్లబడిందని చమత్కరించాడు. ఈ చమత్కారానికి మూలం పదంలోనే ఉన్నది. ‘సుధ’ అంటే అమృతమే కాదు, సున్నం కూడా. సుధతో పూత పూసిన కట్టడం కనుక అది సౌధమయింది.

అయితే మన కవులు మేడ ఎత్తును మాత్రమే చూచి మురిసిపోలేదు. మేడ మీదికి ఎక్కిన మనిషి చూపు ఎట్లా మారుతుందో కూడా వారు గమనించారు. అయోధ్యాకాండలో మంథర కథను తలచుకోండి. ఆమె ఊరక ప్రాసాదం మీదికి ఎక్కింది. అక్కడినుండి అలంకరించిన వీధులను, పండుగ చేసుకొంటున్న జనాన్ని చూచింది. కింద వీధిలో నిలబడిన వారికి అది తమ ఆనందం. పైనుండి చూచిన మంథరకు అది పరుల ఆనందం; కంట్లో నలుసు. రామాయణ కథ మలుపు తిరిగింది ఆ మేడ మీదనే. ఎత్తు చూపును విశాలం చేయగలదు. మనిషిని మనిషికి దూరం చేయనూ గలదు.

కావ్యాలను వదలి శిలలను చూచినా ఇదే చరిత్ర కనిపిస్తుంది. నేడు మన పలనాడు జిల్లాలోనే ఉన్న అమరావతిలో లభించి, ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒక గుండ్రని శిల్పంలో, మదించిన నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టం ఉన్నది. వీధిలో జనం చెల్లాచెదురవుతుంటే మేడల గవాక్షాలలో నుండి కొందరు తొంగిచూస్తుంటారు. అంటే రెండు వేల సంవత్సరాల కిందటి కృష్ణాతీర శిల్పికి మేడ ఒక నిత్యదృశ్యం. అదే కృష్ణ ఒడ్డున ఉండవల్లిలో ఏకంగా కొండనే నాలుగంతస్తులుగా తొలిచారు. మానసారమనే శిల్పశాస్త్ర గ్రంథం ఒక అంతస్తు మొదలు పన్నెండంతస్తుల వరకు కట్టడాల లక్షణాలను వేరువేరుగా నిర్దేశించింది. చంద్రగిరిలోని మూడంతస్తుల రాజమహలును కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నాలతోనే నిలబెట్టారు. 1591లో వెలసిన చార్మినారు నాలుగు మినారులు సుమారు 56 మీటర్ల ఎత్తుకు లేచాయి. ఆ కట్టడం పై అంతస్తులో మసీదు ఉన్నది. వీటిలో కొన్ని రాజులకోసం, కొన్ని దేవునికోసం కట్టినవి. సామాన్యుని నివాసం మాత్రం చాలాకాలం నేలమీదనే ఉండిపోయింది.

ప్రపంచంలోని ఇతర నగరాల చరిత్రను పరిశీలిస్తే ఒక వింత గోచరిస్తుంది. పురాతన రోము నగరంలో సామాన్యులు అంతస్తుల ఇళ్లలో అద్దెకుండేవారు. అక్కడ కింది అంతస్తులు ధనికులకు, పై అంతస్తులు నిరుపేదలకు దక్కేవి. మెట్లెక్కే శ్రమ, నీళ్లు మోసే శ్రమ, నిప్పంటుకొంటే దిగివచ్చే దారిలేని ప్రమాదం పేదవారి వంతు. ఆ ఇళ్లు తరచు కూలిపోతుండడంతో అగస్టస్ చక్రవర్తి వాటి ఎత్తు సుమారు 70 అడుగులు మించరాదని కట్టడి చేశాడు. యెమెను దేశంలోని షిబాం పట్టణంలో కేవలం మట్టి ఇటుకలతో ఏడంతస్తుల దాకా కట్టిన ఇళ్లు నేటికీ ఉన్నాయి. 1854లో ఎలీషా ఓటిస్ అనే ఆయన న్యూయార్కు ప్రదర్శనలో, తాను నిలబడిన లిఫ్టు తాడును అందరి ఎదుట కోయించి, తాడు తెగినా లిఫ్టు కూలదని నిరూపించాడు. 1885లో షికాగోలో ఉక్కును, ఇనుమును అస్థిపంజరంగా చేసుకొని పదంతస్తుల భవనం లేచింది. ఆ తరువాత మేడలకు హద్దు లేకపోయింది. 2010లో ప్రారంభమైన దుబాయిలోని బుర్జ్ ఖలీఫా 828 మీటర్ల ఎత్తుకు చేరింది.

ఇందులోని వింత ఏమిటంటే, లిఫ్టు రాకముందు పేదవారికి విడిచిపెట్టిన పై అంతస్తే లిఫ్టు వచ్చిన తరువాత ధనవంతుల ఉనికిపట్టు అయింది. అంతస్తు మారలేదు; దానిని చేరే సాధనం మారింది. కనుక ఎత్తులో స్వతహాగా గొప్పదనమేదీ లేదు. అది మనం కల్పించుకొన్నది. కల్పించుకొన్నదానిని మార్చుకోనూవచ్చు.

ఇక మా ప్రాంతానికి వస్తాను. నాది పలనాటి సీమలోని వెల్దుర్తి. శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న ఒక చాటువు పలనాటి నాపరాళ్లను ఎగతాళి చేస్తుంది. కాని ఆ నేలలోని సున్నపురాయే నేడు తెలుగునాట ఎన్నో మేడలకు ప్రాణం పోస్తున్నది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందింది. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. పెద్దన చంద్రుని దాకా పంపిన సుధ మా ఊళ్ల బట్టీలలో కాలుతున్నదన్నమాట. లోకానికి సౌధాలనిచ్చిన ఈ సీమవాసులు మాత్రం తరతరాలుగా మందపాటి రాతిగోడల ఇళ్లలో, మట్టి మిద్దెల కింద, వేపచెట్ల నీడన బ్రతికారు. మండే వేసవులకు అవి తగిన ఇళ్లు. ఆ మిద్దెల మీద వడియాలు పెట్టుకొన్నారు, మిరపకాయలు ఎండబోసుకొన్నారు, వెన్నెల రాత్రులు పక్కలు పరచుకొన్నారు. అంతేగాని, ఆ మిద్దె మీద మరొక ఇల్లు కట్టాలని తలచిన వారు తక్కువ.

ఇప్పుడు పరిస్థితి మారింది. ఏ వీధిలో నిలబడి చూచినా డాబాల మీద స్తంభాల కొసలనుండి ఇనుప చువ్వలు పైకి పొడుచుకొని కనిపిస్తాయి. కొడుకు ఉద్యోగంలో చేరిన తరువాత, మిర్చి ధర పలికిన ఏడాది, మరొక అంతస్తు వేయాలన్న ఆశకు అవి గుర్తులు. ఆ ఆశను నేను తప్పుపట్టను. పిల్లలు పెరిగారు, స్థలం పెరగలేదు. అన్నదమ్ములు విడిపోయి పొలాన్ని ఇంటిస్థలంగా మార్చుకోవడం కంటె, ఒకే స్థలంలో ఒకరు కింద, మరొకరు మీద ఉండడమే మేలు. కాలువ పారే సాగుభూములు ప్లాట్లుగా మారడం చూచి బాధపడేవారెవరైనా బహుళ అంతస్తుల నిర్మాణాన్ని సమర్థించక తప్పదు. పట్టణాలలోని నిరుపేదలకు టిడ్కో సంస్థ ద్వారా నేల అంతస్తు మీద మరి మూడంతస్తులుగా ఇళ్లు కట్టించడంలోని ఉద్దేశం కూడా స్వల్పస్థలంలో ఎక్కువ కుటుంబాలకు నీడ కల్పించడమే. నేల పరిమితమయినప్పుడు మనిషి పైకి పోవలసిందే. అయితే అట్లా పోయేటప్పుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘ఎంత ఎత్తు?’ అన్నది కాదు. ‘ఎవరి మీద?’ అన్నది.

కొన్నేళ్ల కిందట మా తండ్రిగారు కట్టించిన ఇంటి మీద ఒక అంతస్తు వేయాలని మా తమ్ముడు సంకల్పించాడు. “అన్నయ్యా, వీధిలో అందరూ లేపుకున్నారు. మనమే కింద మిగిలిపోయాం” అన్నాడు. అవసరం కంటె ఆ చివరి మాటలోని బాధే ఎక్కువని నాకు తెలుసు. ఊళ్లోని వృద్ధుడైన తాపీమేస్త్రిని పిలిపించాం. ఆయన మిద్దెక్కి చూస్తాడనుకొంటే, పలుగు తెప్పించుకొని గోడ మొదట్లో గొయ్యి తీయించాడు. పునాది రాళ్లను చేతితో తడిమి చూచి, “పంతులుగారూ, ఎంత లేపాలో పైన ఆకాశం చెప్పదు, కిందున్న పునాది చెప్పుద్ది. ఇది ఒక్క ఇంటికే మాటిచ్చింది” అన్నాడు. తమ్ముడు నొచ్చుకొన్నాడు. వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. చివరకు ఇంజనీరు కూడా అదే మాట చెప్పడంతో, కొత్త పునాదులు తీసి వాటిమీద స్తంభాలు లేపేందుకు మరి రెండేళ్లు ఆగి డబ్బు కూడబెట్టాడు.

మా వెనుక వీధిలోని ఒక ఇంటివారు అట్లా విచారించలేదు. పాత గోడల మీదనే పై అంతస్తు వేసుకొని దానిలోకి మారి, కింది భాగాన్ని అద్దెకిచ్చారు. మూడో వానాకాలానికి కింది గోడ ఒక మూలనుండి మరొక మూలకు బీట తీసింది. అద్దెకున్నవారు చిన్న పిల్లలున్న కూలి కుటుంబం. ఒక వానరాత్రి పైకప్పునుండి పెచ్చులు రాలడంతో పిల్లలను చంకనెత్తుకొని బయటికి వచ్చి, తెల్లవార్లూ ఎదుటి అరుగు మీద కూర్చున్నారు. ప్రాణాపాయం తప్పింది. కాని ఆ దృశ్యం నా మనస్సునుండి పోలేదు. నిర్ణయం పైవారిది, పగులు కిందివారి గోడకు! హోదాకోసం లేచిన అంతస్తు బరువును ఆ హోదాలో పాలులేని వారు మోయవలసివచ్చింది.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల రాజగోపురం దాదాపు ఐదు శతాబ్దాలు నిలిచి, 2010 మే 26న కుప్పకూలింది. పగుళ్లు పెరగడం గమనించి జనాన్ని దూరంగా తరలించినందువల్ల పెద్ద ప్రాణనష్టం తప్పింది. ఆ స్థానంలో కొత్త గోపురం కట్టి 2017లో ప్రతిష్ఠించారు. చక్రవర్తి కట్టించిన గోపురమైనా పునాదిని, పగులును కనిపెట్టి ఉండవలసిందేనని ఆ సంఘటన నేర్పింది. 2001 జనవరి 26న గుజరాతులోని భుజ్ ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు, ఎంతో దూరాన ఉన్న అహమ్మదాబాదులో కూడా బహుళ అంతస్తుల భవనాలు కూలిపోయాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తులో వాహనాలకోసం గోడలు లేకుండా స్తంభాలు మాత్రమే విడిచిపెట్టారు. పైన బరువు, కింద బోలు. భూమి కదలగానే ఆ స్తంభాలే ముందు విరిగాయి. 2016 డిసెంబరులో హైదరాబాదులోని నానక్‌రాంగూడలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి, దానిలోనే తలదాచుకొంటున్న వలస కూలీలు మరణించారు. కట్టినవారికే ఆ మేడ సమాధి అయింది.

కట్టడం గట్టిగా ఉంటే సరిపోతుందా? అంతస్తుల ఇంట్లో బ్రతకడం కూడా ఒక విద్య. నేలమీది ఇంట్లో మన గోడ మనది, మన కప్పు మనది. మేడలో మన నేల మరొకరికి కప్పు, మన కప్పు మరొకరికి నేల. పైవారి స్నానాలగదిలోని చెమ్మ కిందివారి గోడమీద మచ్చగా తేలుతుంది. పైన రోకలి పోటు పడితే కింద నిద్ర చెడుతుంది. కిందివారు మోటారు వేయకపోతే పైవారికి గుక్కెడు నీళ్లుండవు. నీటి విషయం మా వెల్దుర్తి వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కృష్ణ దాపునే ఉన్నా మా మెట్ట పొలాలకు నీరెక్కదు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికై మా రైతులు తరతరాలుగా ఎదురుచూస్తూ వచ్చారు. ఎత్తున ఉన్నవాడు కిందినుండి వచ్చే నీటిమీద ఆధారపడి బ్రతుకుతాడన్న సత్యం మాకు అనుభవపూర్వకంగా తెలుసు. ఐదో అంతస్తులోని వారు కూడా ఈ సత్యాన్ని గుర్తుంచుకొంటే బాగుండును.

నగరాలలోని అపార్టుమెంట్లలో ఈ పరస్పరాధారం ప్రతి దినమూ కనిపిస్తుంది. కరెంటు పోయి లిఫ్టు ఆగితే మోకాళ్ల నొప్పులున్న వృద్ధులకు పై అంతస్తు చెరసాలగా మారుతుంది. పల్లెనుండి కొడుకు ఇంటికి వచ్చిన తల్లిదండ్రులు, పలకరించే అరుగు లేక, బాల్కనీలో నిలబడి వీధిని చూస్తూ ప్రొద్దు పుచ్చుతారు. ఎవరైనా మరణిస్తే శవాన్ని ఏ ద్వారం ముందు ఉంచాలన్నదే చర్చ అవుతుంది. అద్దెకున్నవారయితే ఆ దుఃఖంలో యజమాని ముఖం కూడా చూడవలసివస్తుంది. మెట్ల కింది ఇరుకు గదిలో కాపలావాని కుటుంబం ఉంటుంది. ఆ మేడకంతటికీ తాళంచెవులు ఉన్నది అతని దగ్గరే. కాని సమావేశాలలో కుర్చీ లేనిదీ అతనికే. జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న కట్టడాలను ఎత్తయిన భవనాలుగా పరిగణించి అగ్నిప్రమాద రక్షణకు ప్రత్యేక నియమాలు విధించింది. కాని మంటలు లేచినప్పుడు దిగవలసిన మెట్లమీద చెప్పుల బీరువాలు, పాత సైకిళ్లు అడ్డంపెట్టుకొనేది మనమే. ఆ మెట్లు ఎవరివీ కావని మన ఊహ. నిజానికి అవి అందరివి.

ఈ విషయంలో చట్టం మనకంటె ముందున్నది. 1987లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం మెట్లు, నడవాలు, పునాదులు మొదలైనవాటిని ఉమ్మడి ఆస్తిగా గుర్తించింది. అపార్టుమెంటులో ఇల్లు కొన్నవారి దస్తావేజులో ‘అవిభక్త భూభాగం’ అనే మాట ఉంటుంది. అంటే పై అంతస్తు వారికైనా, కింది అంతస్తు వారికైనా అడుగున ఉన్న నేలలో విడదీయరాని వాటా ఉన్నదని అర్థం. ఎంత ఎత్తున నివసించినా ప్రతి ఒక్కరూ అదే నేలకు వాటాదారులు. ఇంత గొప్ప భావాన్ని మనం దస్తావేజులో సంతకం పెట్టేటప్పుడు చదవకుండా దాటవేస్తున్నాం.

మేడను మోసేవారిలో మనం లెక్కించనివారు మరికొందరున్నారు. ఆనకట్టలూ భవనాలూ కట్టడంలో పాలమూరు కూలీల పేరు దేశమంతటా వినబడింది. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి ఎందరో గల్ఫు దేశాలకు వెళ్లి అక్కడి ఎండలలో పరాయివారి మేడలకు కాంక్రీటు మోశారు. వారిలో చాలామందికి తాము కట్టిన మేడలో అడుగుపెట్టే అవకాశం గృహప్రవేశం తరువాత ఉండదు. గృహప్రవేశం నాడు మేస్త్రికి, కూలీలకు కొత్త బట్టలు పెట్టి, పంక్తిలో కూర్చుండబెట్టి భోజనం పెట్టే ఆచారం మన పల్లెలలో ఉన్నది. అది దయాధర్మం కాదు. పునాదికి చెల్లించే కృతజ్ఞత. ఆ ఆచారాన్ని నగరాలకు కూడా తీసుకుపోవలసి ఉన్నది.

పలనాటి చరిత్రలో బ్రహ్మనాయుడు పెట్టిన ‘చాపకూడు’ను గురించి మీరు వినే ఉంటారు. కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపమీద కూర్చుండబెట్టి భోజనం పెట్టించాడని ఆయనకు ప్రసిద్ధి. చాపకు అంతస్తులు లేవు. దానిమీద కూర్చున్నవారందరూ ఒకే ఎత్తులో ఉంటారు. శతాబ్దాల కిందట ఈ నేలమీద పరచిన ఆ చాపను నేటి మన మేడలలో ఎక్కడ పరుస్తాం? అందరూ నడిచే మెట్లమీద, అందరూ తాగే నీటి తొట్టి దగ్గర, అందరి బరువునూ మోసే పునాది విషయంలో పరచవచ్చునని నా సమాధానం. పై అంతస్తు వేయబోయే ముందు కిందివారిని అడగడం, పగులు కనిపించిన నాడే దానిని పదిమందికీ చూపడం, దిగే దారిని ఖాళీగా ఉంచడం, కాపలావానిని పేరుపెట్టి పిలవడం – ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు.

రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు ఇళ్ల యజమానులవుతారు, ఎక్కువమంది ఏదో ఒక మేడలో ఏదో ఒక అంతస్తులో నివసిస్తారు. ఆనాడు ఎవరైనా మిమ్మల్ని “మీది ఎన్నో అంతస్తు?” అని అడిగితే సంఖ్య చెప్పండి, అందులో గర్వపడవలసినది గాని, సిగ్గుపడవలసినది గాని లేదు. కాని ఆ సంఖ్య చెప్పేటప్పుడు మీ పాదాల కింద ఎవరి కప్పు ఉన్నదో ఒకసారి తలచుకోండి. మా ఊరి మేస్త్రి పలుగు పట్టి గొయ్యి తీసి చూచినట్లు, పైకి చూచే ముందు కిందికి చూడడం అలవరచుకోండి. అంతస్తు అనే మాటకున్న రెండర్థాలలో ఒకటి మేడకు చాలు. రెండవదానిని కాలగర్భంలో విడిచిపెట్టే బాధ్యత మీ తరానిది.